సద్దు లేని ఊళ్ళు

అమెరికా వెళ్ళి వచ్చినవాడు ఊళ్ళో బస్సు దిగగానే నాలుగు వింతలు చెప్పి తీరాలని మా తలుపులలో ఎక్కడో శాసనం వేయించినట్టున్నారు. 2023 జూన్ ఆఖరున నేను కదిరి బస్సు దిగి, పెట్టె ఇంకా చేతిలో ఉండగానే టీ కొట్టు దగ్గర నలుగురూ నన్ను పట్టుకున్నారు.

"ఏం చూసొచ్చినారు సారూ? ఆ దివిటీ పట్టుకున్న బొమ్మను చూసినారా? జలపాతం చూసినారా?"

నేను చూసింది చూసినట్టే చెప్పాను. "తలుపుల చూసొచ్చినాను."

అందరూ నవ్వారు. "సారు తెలుగు పంతులు గదా, శ్లేష లేకుండా మాట్లాడడు" అని కొట్టాయన గ్లాసు చేతికిచ్చాడు. శ్లేషా కాదు, చమత్కారమూ కాదు. కాని అదంతా చెప్పాలంటే ఒక గ్లాసు టీ చాలదు. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతున్నాను.

మా ఊరు చాలామందికి తెలియదు. కదిరి నుంచి పులివెందుల వైపు పోయే దారిలో, బస్సులో ముప్పావుగంట. నిన్నమొన్నటి దాకా అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మండల కేంద్రం గనుక కచేరీలున్నాయి, బడి ఉంది, ఆసుపత్రి ఉంది. చుట్టూ గుట్టలు, గుట్టల మధ్య ఎర్రనేల, ఎర్రనేల మీద చెనిక్కాయ చేలు. మబ్బు వస్తే పంట, రాకపోతే అప్పు. పొద్దున తొమ్మిది దాటిన తరువాత, సాయంత్రం అయిదు లోపల, మా వీధిలో నిలబడితే ఎవరింట్లో తాలింపు వేస్తున్నారో చెవితోనే చెప్పవచ్చు. అంత సద్దు లేని ఊరు.

పట్నం స్నేహితులు వచ్చినప్పుడు, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందోయ్! అదృష్టవంతుడివి" అంటారు. అని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతారు.

నాకు నచ్చని మాట అది. మా ఊరి పేరు తలుపుల. ఇప్పుడు మా వీధిలో తలుపుల కన్నా తాళాలే ఎక్కువ. ఎదురింటివాళ్ళు బెంగుళూరులో, పక్కింటి కొడుకూ కోడలూ కువైటులో, ఆ పై ఇంటి ముసలాయన పోయిన ఏడాది కూతురి దగ్గరికి. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క కారణంతో మూతపడి, అన్నీ కలిసి ఈ నిశ్శబ్దాన్ని తయారుచేశాయి. అలాంటి నిశ్శబ్దానికి ప్రశాంతత అని పేరు పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఇంకొక కారణం కూడా ఉంది.

1996 కార్తీకమాసంలో ఒక రాత్రి మా నాయనకు గుండెలో నొప్పి వచ్చింది. ఆయన బడిపంతులు. నలభై ఎనిమిదేళ్ళు. ఒంటిగంట వేళ లేచి కూర్చుని, "అజీర్తి గాబోలు, సోడా ఉంటే ఇవ్వు" అన్నాడు అమ్మతో. తరువాత మాట్లాడలేదు. అప్పటికి నాకు పదహారేళ్ళు. ఊళ్ళో ఉన్న ఒక్క బాడుగ జీపు పెళ్ళివారితో పోయింది. నేను రోడ్డు మీదికి పరుగెత్తి, చీకట్లో నిలబడి, ఏదైనా దీపం కనబడుతుందా అని చూశాను. ఆ రాత్రి మా ఊరి నిశ్శబ్దం ఎంత పొడుగుందో నేను కొలిచినట్టు మరెవరూ కొలిచి ఉండరు. ఎంతసేపటికో చెనిక్కాయ మూటల లారీ ఒకటి వచ్చింది. మూటల మీద నాయనను పడుకోబెట్టాం. మా చెల్లెలు, పదకొండేళ్ళది, దిగమంటే దిగలేదు. ఆయన పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. కదిరి దీపాలు కనబడేసరికి ఆ పాదాలు చల్లబడ్డాయి. ఆ మాట ముందు తెలుసుకున్నది అదే. నాకు చెప్పలేదు, రుద్దడం మాత్రం ఆపింది.

108 బండి మన రాష్ట్రంలో మొదలయింది 2005 లో. ఆ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో!

ఆ పిల్ల డాక్టరయింది. ఎందుకయిందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. పెళ్ళయి, పిల్లవాడు పుట్టి, అక్కడి పరీక్షలన్నీ దాటి, అమెరికాలో పైచదువు పూర్తిచేసింది. తీరా అప్పుడు తెలిసింది నాకు ఒక సంగతి. చదువుకోడానికి వెళ్ళిన వీసా మీద ఉన్న డాక్టరు, చదువు కాగానే రెండేళ్ళు స్వదేశానికి వచ్చి ఉండాలి. అలా రాకుండా అక్కడే ఉండాలంటే, డాక్టర్లు లేని మారుమూల ప్రాంతంలో మూడేళ్ళు పనిచెయ్యాలి. కెంట్ కాన్రాడ్ అనే ఉత్తర డకోటా సెనేటరు 1994 లో తెచ్చిన ఏర్పాటు అది. రాష్ట్రానికి ఏడాదికి 30 మందికి అవకాశం. అమెరికా పల్లెల్లో ఈనాడు మన గుంటూరు, కర్నూలు, వరంగల్లు డాక్టర్లు కనబడడానికి ఇదొక పెద్ద కారణం. తమ పిల్లలు పల్లెకు రామంటే, పరాయి పిల్లలకు పల్లెను షరతుగా పెట్టారన్నమాట! ఉపాయం మంచిదే. మనకు ఎందుకు తోచలేదో!

అలా మా చెల్లెలు 2020 జూలైలో కాన్సాస్ రాష్ట్రం పడమటి కొసన ఒక చిన్న ఊళ్ళో చేరింది. ఆ ఊరి పేరు చెప్పను. ఆ ఊళ్ళో మనవాళ్ళది ఒకటే ఇల్లు. పేరు చెప్పడమూ వేలు పెట్టి చూపడమూ ఒకటే. మూడేళ్ళూ 2023 జూలైతో తీరిపోతాయి. "తీరేలోపల ఒకసారి వచ్చి చూసిపో అన్నా" అని పిలిచింది. వేసవి సెలవులకు మరి పది రోజులు కలుపుకుని వెళ్ళాను.

డెన్వర్లో విమానం దిగి కారులో తూర్పుగా నాలుగు గంటలకు పైగా ప్రయాణం. కొండలు వెనకబడ్డాయి, చెట్లు వెనకబడ్డాయి, చివరకు వంకర అనేది వెనకబడింది. నేలా ఆకాశమూ తప్ప మూడో వస్తువు లేదు. ఎంతో దూరాన తెల్లగా గోపురం లాంటిది కనబడితే, "ఏం గుడి అది?" అన్నాను. బావ నవ్వి, "గోధుమ గాదె" అన్నాడు. ఊరు రాకముందు గాదె కనబడుతుంది. తరువాత ఊరి పేరు రాసిన నీళ్ళ ట్యాంకు కనబడుతుంది. ఆ రెంటి నీడలో ఇళ్ళు ఉంటాయి.

మరునాడు పొద్దున అలవాటు ప్రకారం నడకకు బయలుదేరాను. పావుగంటలో మూడు బండ్లు ఆగాయి. ముగ్గురూ అడిగింది ఒకటే: "బండి చెడిపోయిందా? ఎక్కడికైనా దింపాలా?" ఆ ఊళ్ళో పనిలేకుండా నడిచేవాడు ఉండడు. నాలుగోసారి ఆగిన పెద్దాయన మాత్రం ఏమీ అడగలేదు; "నువ్వు డాక్టరమ్మ అన్నవు గదా, నడు" అని చెయ్యెత్తి వెళ్ళిపోయాడు. గంట తిరక్కుండా ఊరికంతా తెలిసిపోయింది. మా ఊళ్ళో కొత్తవాడు బస్సు దిగితే రచ్చకట్ట మీద ఎంతసేపట్లో వంశవృక్షం తయారవుతుందో, సరిగ్గా అంతసేపు.

మధ్యాహ్నం పన్నెండింటికి గుండెలదిరేలా సైరన్ మోగింది. సుడిగాలి వస్తుందని వాళ్ళ దేశంలో సైరన్ వేస్తారని చదివి ఉన్నాను. మేనల్లుణ్ణి చంకన వేసుకుని నేలమాళిగలోకి పరుగెత్తబోతే, ఆ ఆరేళ్ళవాడు తాపీగా, "మామా, అన్నానికి టైమయింది అంతే" అన్నాడు. రోజూ మోగుతుందట.

చూడగా చూడగా నాకు అన్నీ తెలిసినవిగానే కనబడ్డాయి. పెద్ద వీధిలో మూడు అంగళ్ళు తెరిచి ఉంటే రెండు మూసి ఉన్నాయి. అద్దాల వెనక పాత సినిమాహాలు బొమ్మలు వెలిసిపోయి ఉన్నాయి. పిల్లలు చదువుకుని పట్నాలకు పోతారు, తిరిగి రారు. వాళ్ళ గోధుమ విత్తనం కూడా వలస వచ్చినదే. 1874 లో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్లనే మతస్థులు తెచ్చిన ఎర్రగోధుమతో ఆ రాష్ట్రం దశ తిరిగింది. మన చెనిక్కాయ దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చేలల్లో స్థిరపడలేదూ? నేల కింద ఒగల్లాలా అనే మహా జలరాశి ఎనిమిది రాష్ట్రాల అడుగున పరుచుకుని ఉంది. దాన్ని తోడి తోడి, పైనుంచి చూస్తే పచ్చటి రూపాయి బిళ్ళలు పరిచినట్టు గుండ్రటి చేలు పండిస్తారు. ఇప్పుడు అదీ అడుగంటుతున్నది. ఊరే నీటి కన్నా తోడే నీరు ఎక్కువ. కాఫీ హోటల్లో ముసలి రైతులు బోర్లు ఎన్ని అడుగులకు పోయాయో చెప్పుకుంటుంటే, భాష తెలియకపోయినా నేను మధ్యలో మాట అందుకోగలిగేవాణ్ణి. మా దగ్గర వెయ్యి అడుగులు వేసినా దుమ్మే వచ్చిన బోర్లు ఉన్నాయని చెబితే, ఒకాయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అది పరామర్శ అని నాకు అర్థమయింది.

తేడాలు లేవని కాదు. అక్కడ గడప దగ్గర కూర్చునే అలవాటు లేదు. మంచి ఊరే, మంచి మనుషులే. కాని సాయంత్రం తొమ్మిదింటి దాకా వెలుగు ఉన్నా వీధిలో మనిషి కనబడడు. మా ఊళ్ళో ఎన్ని తాళాలు పడినా, మిగిలిన నలుగురూ అరుగు మీదే ఉంటారు. కరివేపాకు కావాలంటే చెల్లెలు 200 మైళ్ళు పోయి విచిటా నుంచి తెచ్చుకోవాలి. తెచ్చిన రెమ్మలను కాగితంలో చుట్టి చలిపెట్టెలో దాచి, కూరకు అయిదు ఆకులు లెక్కపెట్టి వేస్తుంది. నేను వెళ్ళిన రోజు రాగి సంగటి కెలికి, ఊరిబిండి నూరి పెట్టింది. ఆ రోజు మాత్రం ఆకులు లెక్కపెట్టలేదు.

ఒక శనివారం రాత్రి రెండింటికి ఆమె ఫోను మోగింది. చెప్పులు వేసుకునే చప్పుడు, తలుపు చప్పుడు, కారు చప్పుడు. నేను లేచి కిటికీ దగ్గర కూర్చున్నాను. దీపాలు వీధి మలుపు తిరిగి, ఊరి చివర ఆసుపత్రి దగ్గర ఆగడం ఆ కిటికీలోంచే కనబడింది. గడియారం చూశాను. నాలుగు నిమిషాలు. గంట గడిచింది. ఎక్కడో చిన్న విమానం దిగిన మోత, మళ్ళీ ఎగిరిన మోత.

తెల్లవారుతుండగా వచ్చి, లోపలికి రాకుండా వాకిట మెట్ల మీద కూర్చుంది. నేను కాఫీ తీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎవరు, ఏమిటి అని అడిగితే, "పేరు చెప్పకూడదన్నా మేము" అంది. తరువాత మెల్లగా, "గుండె. గడ్డను కరిగించే మందు ఎక్కించి విచిటాకు పంపినాము. బతుకుతాడు" అంది. ఇంకాసేపటికి, "నలభై ఎనిమిదేళ్ళు" అంది.

ఆ తరువాత మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. కాఫీ చల్లారిపోయింది. నేను వద్దన్నా ఆమె అదే తాగింది.

పేరు చెప్పలేదు గాని, ఎనిమిదింటికి కాఫీ హోటలుకు పోతే ఆ పేరు నాకు ముగ్గురు చెప్పారు. నా కాఫీకి డబ్బు తీసుకోలేదు. సాయంత్రానికి మా చెల్లెలి వాకిట్లో ఎవరో రెండు రొట్టెలు, ఒక డబ్బా తేనె, గుమ్మడి లాంటి కాయలు నాలుగు పెట్టి పోయారు. మా నాయనకు కూడా బడిపిల్లల తండ్రులు అలాగే కొత్త చెనిక్కాయలు తట్టలో పోసి అరుగు మీద పెట్టి పోయేవారు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. జూలైలో గడువు తీరిపోతుంది. డల్లాసులో పెద్ద ఆసుపత్రి వాళ్ళు పిలుస్తున్నారు. డల్లాసంటే చెప్పేదేముంది, తెలుగువాళ్ళ పట్నం. గుడి, పాఠశాల, పండుగలు, గుప్పెళ్ళ కొద్దీ కరివేపాకు! బావకు ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద చేసే పని. మూడేళ్ళుగా గోడలతో మాట్లాడుతున్నాడు పాపం. పిల్లవాడికి తెలుగు అమ్మమ్మ ఫోనులోనే. ఒకసారి బడిలో "మీ ఇంటిని గీయండి" అంటే వాడు ఇల్లూ గాదే గీసి, ఇంటికి కిటికీ పెట్టి, కిటికీలో ఒక్కణ్ణే తనను గీసుకున్నాడు. ఆ బొమ్మ చలిపెట్టె తలుపుకు అంటించి ఉంది. రోజూ దాన్ని దాటుకునే నీళ్ళు తాగాలి.

ఊళ్ళోవాళ్ళు ఒక్కరూ ఉండమని అడగలేదు. అడగకపోవడమే ఎక్కువ కష్టమంది చెల్లెలు. "నాకు ముందున్న డాక్టరు కూడా మూడేళ్ళకు పోయినాడంట. వాళ్ళకు అలవాటే. కొత్తవాళ్ళ పేరు పలకడం నేర్చుకునే లోపల వాళ్ళు పోతారు."

బయలుదేరే ముందురోజు కోతలు మొదలయ్యాయి. పొద్దు వాలేవేళ పెద్ద యంత్రాలు దుమ్ము లేపుకుంటూ తిరుగుతుంటే, చేను గట్టున నిలబడి మా చెల్లెలు అడిగింది: "అన్నా, నువ్వు చెప్పు. ఉండాల్నా, పోవాల్నా?"

నాయన పోయినప్పటి నుంచి పెద్ద విషయాలన్నీ నన్నే అడుగుతుంది. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పాను. ఈసారి నోరు పెగల్లేదు. వచ్చేముందు అమ్మ చెప్పి పంపిన మాట నాలుక చివర ఉంది: "మనవాళ్ళుండే చోటికి పొమ్మని చెప్పు." ఎదుట ఆ నాలుగు నిమిషాల దారి ఉంది. వీటి మధ్య ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఆమెకు అంతవరకు చెప్పలేదు. అనంతపురంలో ఒక ఇల్లు మాట్లాడి నేను పదివేలు అడ్వాన్సు ఇచ్చి ఉన్నాను. మావాడి ఇంటర్ చదువు కోసమని చెప్పుకున్నాను. నిజానికి నాకే ఆ తాళాల వీధిలో ఉండబుద్ధి కావడం లేదు. నేను పోతే మా ఇంటికీ తాళమే. అమ్మ రానంటుంది. తాళం లోపల అమ్మ!

ఆ మాట చెప్పేశాను. చెల్లెలు చాలాసేపు చేను వంక చూసి, "అయితే నన్ను అడిగే హక్కు నీకూ లేదు, నిన్ను అడిగే హక్కు నాకూ లేదు" అని నవ్వింది. పదకొండేళ్ళనాటి ముఖం ఒక్క క్షణం కనబడింది.

తిరుగు ప్రయాణంలో నాకు ఊరికే బ్రౌను దొర గుర్తుకొచ్చాడు. తెలుగు పంతుళ్ళకు ఏ బాధ వచ్చినా బ్రౌను దగ్గరకో వేమన దగ్గరకో పోవడం వృత్తిదోషం. ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడు, తెలుగు తన భాష కానివాడు, 1820 లో ఉద్యోగం మీద కడప చేరాడు. పండితులను కూర్చోబెట్టుకుని, తాటాకులు వెతికించి, 1829 కల్లా వేమన పద్యాలను అచ్చు వేయించాడు. మా పక్కనే కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన్నను మేము మరిచిపోతుంటే, ఎక్కడినుంచో వచ్చినవాడు పట్టుకున్నాడు. ఉద్యోగం పంపితే వచ్చినవాడే, ఇష్టపడి వచ్చినవాడు కాదు. ముసలితనానికి అతనూ లండన్ పోయాడు. పోయినందుకు మనం అతన్ని ఏమీ అనలేదు.

సరే, ఆ జూలైలో చెల్లెలు ఒక ఏడాదికి సంతకం పెట్టింది. ఒక్క ఏడాదికే అంది. బావ నెలకొకసారి డల్లాసు పోయి స్నేహితులను చూసి వస్తున్నాడు. మరుసటి ఏడాది మళ్ళీ ఒక ఏడాది. మావాడు అనంతపురంలో హాస్టల్లో చేరాడు. నేను ఇప్పటికీ పొద్దున ఎనిమిదింటి బస్సుకు కదిరి కాలేజీకి పోయి సాయంత్రం వస్తున్నాను. అనంతపురం ఇంటాయన అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఏదో తేలిపోతుందని భయం.

రోజూ రాత్రి పదిన్నరకు చెల్లెలు అమ్మకు ఫోను చేస్తుంది. చలికాలంలో అక్కడ గడియారాలు మారుస్తారు గనుక పదకొండున్నర. ఆసుపత్రి మెట్ల మీద అన్నం డబ్బా తెరిచి, అది తింటూ మాట్లాడుతుంది. మధ్యలో వాళ్ళ పన్నెండు గంటల సైరన్ మోగుతుంది. మొదట్లో అమ్మ ఉలిక్కిపడేది. ఇప్పుడు అది మోగితే గాని పడుకోదు. "కూత కూసింది, ఇంక తిని పనికి పో తల్లీ" అంటుంది.

మొన్న జూలైలోనూ మోగింది. అది ఆగిన తరువాత చెల్లెలు కాస్త తటపటాయించి, "అమ్మా, ఇంకో ఏడాది..." అంది. ఫోను బిగ్గరగా వినబడేట్టు పెట్టి ఉంది. నేను మంచం మీద నుంచి వింటున్నాను. అమ్మ ఉండమనలేదు, రమ్మనలేదు, డల్లాసు మాట ఎత్తలేదు.

"ఆడ మబ్బు ఏసిందా?" అని అడిగింది.

"లేదమ్మా. ఆడ?"

అమ్మ లేచి వాకిట్లోకి పోయి, చాలాసేపు పైకి చూసి వచ్చింది.